ఐదో ఆకు

ఛాయాదేవికి ఇన్‌స్పెక్టర్ మల్లికార్జున్ ఇచ్చింది ఒక్క గంట. శుక్రవారం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా. ఐదింటికి నిందితుణ్ణి మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి, ఆలోగా మీ ముచ్చట తీర్చుకోండి అన్నాడు. పదిహేనేళ్ళ కిందట వేలిముద్రల విభాగంలో ఆవిడ చేతికింద పని నేర్చుకున్నవాడే. అప్పట్లో ఆవిడ గదిలోకి రావాలంటే గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకునేవాడు. ఇప్పుడు ఆవిడ వచ్చినా కుర్చీలోంచి లేవడం లేదు. ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక ఇలాంటి మర్యాదలు అలవాటైపోయాయి గనక ఆవిడ పట్టించుకోలేదు.

కేసు పైకి చిన్నదే. బెంగళూరు శివార్లలోని జిగణిలో ఫ్యాక్టరీల వెనక సందులో ఒక పాత ఇల్లు. బుధవారం పెద్దల అమావాస్య, పోయినవాళ్ళకు ఆకులు వేసి అన్నం పెట్టే రోజు. ఆ మధ్యాహ్నం ఇంటి యజమాని పిల్లప్ప, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పురుగుల మందు కడుపులో పడి చనిపోయాడు. అప్పుడు ఇంట్లో ఉన్న రెండో మనిషి శ్రీనివాసులు. పిల్లప్పకు దూరపు వరసలో తమ్ముడి కొడుకునని చెప్పుకుని ఎనిమిదేళ్ళ కిందట వచ్చి చేరాడు. పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. రేషన్ కార్డు ప్రకారం నలభై ఎనిమిదేళ్ళు, చూడ్డానికీ అంతే ఉంటాడు. మందు డబ్బా మీద అతని వేలిముద్రలున్నాయి, మందు పోసిన రెండు లోటాల మీదా ఉన్నాయి. నువ్వే చంపావా అంటే అవునని అనలేదు, కాదనీ అనలేదు. "మీరెట్ల రాసుకుంటే అట్ల" అన్నాడట.

ఛాయాదేవిని ఈ కేసులోకి దించింది పిల్లప్ప మనవరాలు సహన. ఇరవై ఐదేళ్ళ పిల్ల, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. తండ్రి పోయినప్పటి నుంచీ తాత చేతుల్లోనే పెరిగింది. బుధవారం రాత్రే వచ్చి ఛాయాదేవి ఎదుట కూర్చుంది.

"మేడమ్, చిన్నాయన ఒక్క మాట కూడా డిఫెండ్ చేసుకోవడం లేదు. ఎవరినో కాపాడుతున్నాడు అనిపిస్తోంది నాకు" అంది.

ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళి శ్రీనివాసులును చూసింది ఛాయాదేవి. అప్పటికి మళ్ళీ మగతలో పడి ఉన్నాడు, చొక్కా దగ్గరా నోటి దగ్గరా మందు వాసన కొడుతోంది. పక్కవాడికి విషం పోసి చంపేవాడు తనూ ఎందుకు తాగుతాడు? అందుకని సహన చేత అప్పటికప్పుడు అర్జీ రాయించి, శ్రీనివాసులు రక్తం కూడా పరీక్షకు పంపించేదాకా ఆవిడ మల్లికార్జున్‌ను వదల్లేదు. ఈ కేసులో తను చేసిన మొదటి తెలివైన పని అదేనని లోలోపల కాస్త మురిసింది కూడా.

శుక్రవారం పంచనామా కోసం నిందితుణ్ణి ఆ ఇంటికే తెచ్చారు. ఇంటి ముందు జీపు పక్కన నిలబడి మల్లికార్జున్ కేసు మొత్తం మూడు ముక్కల్లో తేల్చేశాడు. బళ్ళారి వాడు గనక తెలుగు బాగానే మాట్లాడతాడు.

"చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చేసినాయి మేడమ్. ఈ సైటు మీద ఎంతమంది కన్నుందో నాకు తెలుసు. ముసలాయనకు జబ్బు, రెండు నెలలు కూడా బతకడని డాక్టరు చెప్పినాడు. ఆ పిల్ల పేరున వీలునామా రాసేలోపల వీడు తొందరపడినాడు. అంతే కథ."

"రెండు నెలల్లో పోయేవాణ్ణి చంపడానికి ఎవడికయ్యా అంత తొందర?"

"వీలునామా అని చెప్పినాను కదా."

"రాశాడా? రాస్తానన్నాడా? ఎవరితో అన్నాడు?"

ఇంతలో మల్లికార్జున్ సెల్‌ఫోను మోగింది. రెండడుగులు పక్కకెళ్ళి, అమ్మకు డయాలసిస్ అయిందా, ఏమైనా తిన్నదా అని అవతలి వాళ్ళను గొంతు తగ్గించి అడిగాడు. ఫోను పెట్టేశాక మళ్ళీ ఇన్‌స్పెక్టరు మొహం పెట్టుకున్నాడు గానీ అది అంత తొందరగా అతుక్కోలేదు.

"గంటలో పది నిమిషాలు అయిపోయినాయి" అన్నాడు.

ఛాయాదేవి ముందు పక్కింటి నంజమ్మను పట్టుకుంది. ఆ ఇంటి పక్కన ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న మనిషి, ఆ రోజు టైములన్నీ ఆమె చెప్పినవే. పన్నెండున్నరకు పెరుగు ఇవ్వడానికి వచ్చింది. అప్పుడు పిల్లప్ప నడవలో పెద్దల పటాల ముందు ఆకులు వేస్తున్నాడు. ఒకటి నలభైకి గ్యాసు సిలిండరు తెచ్చినవాడు పెరట్లో శ్రీనివాసులు వెల్లకిలా పడి ఉండడం చూసి, తాగి పడిపోయాడు కాబోలనుకుని వెళ్ళిపోయాడు. మూడూ పదికి అదే శ్రీనివాసులు తూలుకుంటూ నంజమ్మ గడపలోకి వచ్చి పిల్లప్ప పోయినాడని చెప్పాడు. రెండుకూ మూడుకూ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు.

"ఆకులు ఎన్ని వేశాడు?"

నంజమ్మ ఈ ప్రశ్న కోసమే రెండు రోజులుగా కాచుకున్నట్టు ముందుకు వంగింది. "అయిదమ్మా. కొన్నేండ్లుగా ఏటేటా నాలుగే. ఆయప్ప నాయన సొన్నప్ప పటం ముందర ఎప్పుడూ పెట్టేవాడు కాదు. పెద్ద కొడుకింట్లో పెడ్తారేమోలే అనుకుంటి. ఈసారి పెట్టుండాడు. ఏమప్పా, ఈసారి మీ నాయనకు కూడానా అంటి. ఈసారి పెట్టాల్సి వచ్చింది అక్కా అనె."

ఛాయాదేవి లోపలికి నడిచింది. నడవ గోడకు ఐదు పటాలు, ఐదింటికీ పూలదండలు, కింద ఐదు ఆకులు. పోలీసులు ముట్టుకోవద్దన్నందుకు రెండు రోజుల అన్నం అలాగే ఎండిపోయి ఉంది. పిల్లప్ప తల్లి, అన్న ఆవులప్ప, భార్య, కొడుకు పద్మనాభం. ఈ నలుగురి ఆకుల్లో అన్నం, పప్పు, వడలు, పక్కన మడత పెట్టిన కొత్త బట్టలు. సొన్నప్ప ఆకులో మాత్రం రాగిముద్ద, ఎండుచేపల పులుసు, బెల్లం ముక్క, ఒక బీడీల కట్ట. ఎవరికి ఏది ఇష్టమో అది పెట్టడం ఇక్కడి రివాజే. కానీ నలభై ఏళ్ళ కిందట పోయిన మనిషికి ఏ బీడీ ఇష్టమో అంత ఖచ్చితంగా ఎలా గుర్తుంది? ఆ కట్ట మీద ఉన్న కంపెనీ పుట్టిందే మొన్న మొన్న.

ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని పటం దగ్గరికి వెళ్ళింది. కింద 1965 అని రాసి ఉంది. తలపాగా, గుబురు మీసం, ఎడమ చెవి తమ్మె కింద చీలిపోయి రెండు పాయలుగా వేలాడుతోంది. పాతకాలంలో రైతులు బరువైన పోగులు పెట్టుకునేవాళ్ళు, వాటికి సాగి సాగి తమ్మె తెగిపోయేది. శిక్షణ తరగతుల్లో కుర్రాళ్ళకు ఆవిడ మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. గడ్డాలూ మీసాలూ చూసి మోసపోకండి, చెవులు చూడండి అనేది. ఆస్పత్రి మంచం మీద శ్రీనివాసులు ఎడమ చెవి ఆవిడ చూసింది. లేతు మిషను దగ్గర తెగిందేమోననుకుని అప్పుడు వదిలేసింది. ఇప్పుడు వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది.

వెనకనుంచి మల్లికార్జున్ వచ్చాడు. "అన్నం చూస్తే హంతకుడు దొరుకుతాడా?"

"శవానికి మీసం ఎందుకు సగమే ఉంది మల్లికార్జున్?"

"పండగ రోజు గడ్డం గీసుకున్నాడు. ముసలి చెయ్యి వణికింది."

"గడ్డం నున్నగా గీసుకున్నవాడికి మీసం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణికిందా? సహనను అడిగాను. అన్న ఆవులప్ప పోయినప్పుడు కూడా పిల్లప్ప మీసం తియ్యలేదట. ఈ ఇళ్ళల్లో తండ్రి పోయినప్పుడే తీస్తారు."

"వాళ్ళ నాయన పోయి నలభై ఏళ్ళయింది మేడమ్" అని నవ్వాడు మల్లికార్జున్. "కోర్టులో మీసం కథ చెప్తే జడ్జి గారు నన్ను కూడా మీతో పాటు రిటైరు చేస్తారు."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకు పని నేర్పినందుకు నన్ను నేను తిట్టుకోవాలి. లోటాలు రెండు. రెండింటిలోనూ మందు. ఆ మందు వాసన ఈ చివర నుంచి ఆ చివరదాకా కొడుతుంది, ఎవడూ తెలీక తాగడు. పెనుగులాట లేదు, ఒక్క మెతుకు చెదరలేదు. రెండో లోటా ఎవరిదో కనుక్కోకుండా కేసు మూసేస్తున్నావు."

"రక్తం రిపోర్టు కావాలన్నారు, పంపినాను. ఈరోజో రేపో వస్తాది. అంతవరకూ వాడు నా ముద్దాయి." అతని ఫోను మళ్ళీ మోగింది. ఆస్పత్రి నంబరే అయ్యుండాలి, తీసుకుని గబగబా వీధిలోకి వెళ్ళాడు. శ్రీనివాసులుతో మాట్లాడాలంటే ఇదే సమయం.

పెరట్లో బట్టలుతికే బండ ఉంది. దానికెదురుగా గోడకు మేకు కొట్టి చిన్న అద్దం తగిలించారు. బండ మీద ఎండిపోయిన సబ్బు నురగ, పక్కన మంగలి కత్తి. ఛాయాదేవి మోకాళ్ళను తిట్టుకుంటూ బండ మీద కూర్చుంది. పిల్లప్ప తన ఎత్తే ఉంటాడు. అద్దంలోకి చూసింది. ముందు తన ముఖం కనబడింది, ఆ వెనక వాంతి మరకతో ఒక నేల ముక్క. సిలిండరు వాడు శ్రీనివాసులును చూసిన చోటు సరిగ్గా అదే. మరక పెద్దది, దాని పక్కన మనిషి పాకిన జాడ గుమ్మం దాకా పోయింది.

లెక్క తేలిపోయింది. తేలకపోతే బాగుండుననిపించింది.

కొట్టం దగ్గర కానిస్టేబులు పక్కన బేడీలతో కూర్చున్న శ్రీనివాసులును బండ దగ్గరికి తెమ్మంది. కానిస్టేబులును కాస్త దూరంగా నిలబడమంది. నిన్నటిదాకా ఆవిడ అతన్ని నువ్వు అనే పిలిచింది, తనకంటే పదేళ్ళు చిన్నవాడు గదా అని.

"మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?" అని అడిగింది.

ఆ 'మీరు' వినగానే అతని భుజాలు కిందికి దిగిపోయాయి.

"పద్దెనిమిది వందల తొంభై రెండు" అన్నాడు. "నేను సొన్నప్ప. పిల్లప్ప నా కడగొట్టు కొడుకు."

ఆ తర్వాత అతను చెప్పిందంతా ఛాయాదేవి నోట్‌బుక్కులో రాసుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, యాభై ఏళ్ళ వయసులో, అతను బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, గుర్రాల లాయంలో పనిచేసేవాడు. విషజ్వరం వచ్చి పడిపోతే ఒక డాక్టరు దొర ఏదో సూది మందు ప్రయోగం చేశాడు. పదకొండు మందికి వేస్తే పది మంది వారంలో పోయారు. దొర కూడా ఆ జ్వరంతోనే పోయాడు, కాగితాలు ఎవరు తగలబెట్టారో తెలీదు. మిగిలిన సొన్నప్పకు ఆ రోజు నుంచి వయసు ఆగిపోయింది. గాయమైతే నాలుగు రోజుల్లో మానిపోయేది. మొదట్లో అందరూ అదృష్టమన్నారు. తర్వాత భార్య ముసలిదై, పక్కన నడిస్తే కొడుకా అని జనం అడుగుతుంటే అతనితో గడప దాటడం మానేసింది. దయ్యం పట్టిందన్నారు. పిల్లలకు సంబంధాలు తప్పిపోసాగాయి. పంతొమ్మిది వందల అరవై ఐదులో ఇంట్లోవాళ్ళే అతను చచ్చిపోయాడని చాటి, పటం కట్టించి, ఊరు దాటించారు. అప్పటి నుంచీ పదేళ్ళకొక ఊరు, పదేళ్ళకొక పేరు. కొన్నాళ్ళు కూతురింట్లో పాలేరుగా ఉన్నాడు, కొన్నాళ్ళు పెద్ద కొడుకింట్లో దూరపు చుట్టంగా.

"నలుగుర్ని కంటిని తల్లీ. ముగ్గుర్ని మోస్తిని. ఆవులప్ప పోయినప్పుడు పాడె పక్కన ఏడుస్తావుంటే, దూరపు చుట్టానికి ఇంత ఏడుపేంది అని నవ్విరి. పిల్లప్ప ఒగడే మిగిలినాడు, నాయనా అని పిలిచేకి. అది కూడా తలుపులు మూసినాకనే."

"బుధవారం ఏం జరిగింది?"

"డాక్టరు రెండు నెలలన్నాడు కదా. వాడికి తన చావు మీద దిగుల్లేదు. నేను పోతే నిన్నెవరు చూస్తారు, నీకు నిప్పు పెట్టేవాడెవడు అని రాత్రింబగళ్ళు అదే. నేనే వాన్ని అడుగుతా ఉంటి, ఏదైనా దారి చూడరా అని. బుధవారం ఆకులు వేస్తావుంటే చూసినా. అయిదు. బతికున్నోని పటం ముందర ఆకు పెట్టరమ్మా. వాడేం చెప్పలే, నేనేం అడగలే. చేతులు కడుక్కోని వచ్చి కూర్చున్నా. వాడు లోటా ఇచ్చె, చేతులు వణుకుతావుండె. నేనే పట్టుకోని తాగేసినా."

"రెండో లోటా?"

"అది కూడా నాకే. ఒగటి చాలకపోతే అని."

"భయం వెయ్యలేదా?"

"బేజారు తల్లీ. భయం ఎప్పుడో పోయింది, బేజారు ఒగటే మిగిలింది."

పెరట్లోకొచ్చి పడిపోయాడట. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పిల్లప్ప ఈ బండ మీద కూర్చుని మీసం తీస్తున్నాడు. తండ్రి పోయాడనుకున్నాడు. కొడుకు చెయ్యాల్సిన పని మొదలుపెట్టాడు.

"నేను కదిల్తిని. ఆ అద్దంలో వాడు నన్ను చూసె. వాని కండ్లు ఎట్లుండెనో నేను చెప్పలేను. కత్తి కింద పెట్టి లోపలికి పోయె. నాకు లేచేకి కాలే. పాక్కుంటా పోతిని. పోయేసరికి రెండో లోటా వాడు తాగేసుండాడు. లోటా, డబ్బా చేతుల్లోంచి గుంజుకుంటి. 'నాయనా, నా చేతకాలేదు' అన్నాడు. అదే ఆఖరు."

ఛాయాదేవికి యాభై ఎనిమిదేళ్ళు. మెట్లెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటాయి, పోయినేడాది ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఈ మనిషి కథ వింటున్నప్పుడు ఆవిడ మనసులో మొట్టమొదట మెదిలింది జాలి కాదు. ఆ సూది ఇంకొకటి ఎక్కడైనా ఉందా అన్న ఆశ. ఆ సంగతి తనకే తెలిసి సిగ్గుతో తల దించుకుంది.

"నాకు ఉరేస్తారు కదమ్మా?" అన్నాడు సొన్నప్ప నెమ్మదిగా. "అందుకే నోరు మూసుకోనుండా. గొంతు బిగిస్తే నేనైనా పోతానేమో."

"ఇలాంటి కేసుల్లో ఉరి వెయ్యరు. బతికున్నంత కాలం జైలు."

అతను బేడీల చేతులతో మొహం కప్పుకున్నాడు. అంత వయసున్న మనిషి ఏడవడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఇంకెవరూ చూసి ఉండరు కూడా.

"జైలు అక్కర్లేదు" అని ఛాయాదేవి గబగబా చెప్పింది. "మీరెవరో ఎవరికీ చెప్పను. జబ్బు భరించలేక పిల్లప్ప తనే తాగాడు, ఆయన బాధ చూడలేక మీరూ కాస్త తాగారు, కక్కేసి బతికారు. కేసు అక్కడితో ఆగిపోతుంది. మీరు కూడా తాగారని రక్తం రిపోర్టే చెబుతుంది."

సొన్నప్ప చేతులు దించాడు. "ఎవరి రక్తం?"

"మీది. బుధవారం రాత్రి తీశారు కదా."

"నేను సెలైన్ సూదనుకుంటినే." అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరు తియ్యమన్నారమ్మా?"

"నేనే" అంది ఛాయాదేవి.

"దొర సూది ఒంట్లో ఏం చేసిందో నాకు తెలీదు, నా రక్తం చూసినోళ్ళకు తెలిసిపోతాది. సహన నా మునిమనవరాలు. నా గుణం ఆ పిల్ల ఒంట్లో కూడా ఉండాదని ఎవడన్నా అనుకుంటే, ఆ బిడ్డను బతకనిస్తారా? నలభై ఏండ్లు చచ్చినోని మాదిరి బతికింది దేనికనుకున్నావు?"

వంటింటి గుమ్మంలో అడుగుల చప్పుడయింది. మల్లికార్జున్ ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు. దొర సూది మాట అతని చెవిన పడినట్టే ఉంది. అవతల మాట్లాడుతున్నది ఆస్పత్రి కాదు, ల్యాబు. రెండో సీసాలోని రక్తానికి సంబంధించిన పోస్టుమార్టం కాగితం ఎందుకు పంపలేదని అడుగుతున్నారట. ఒక మనిషిని చంపడానికి కావలసిన దానికి నాలుగింతల మందు ఉందట అందులో. ఇది ఎవరి శవం అని అడుగుతున్నారు.

"శవం కాదు" అన్నాడు మల్లికార్జున్ ఫోనులో, అని పెట్టేశాడు.

అతను సొన్నప్పను చూశాడు. తర్వాత ఎడమ చెవిని చూశాడు. ఆవిడ నేర్పిన పద్ధతే, తొందరపడకుండా, పై అంచు నుంచి కింది తమ్మె దాకా. అక్కడి నుంచి తల తిప్పి, తెరిచిన తలుపులోంచి కనబడుతున్న నడవ గోడ వైపు చూశాడు. ఛాయాదేవి అడ్డం వచ్చి నిలబడబోయింది గానీ మోకాలు పట్టేసి లేవలేకపోయింది. లేచి ఉంటే మాత్రం ఏం ఆగేది?

మల్లికార్జున్ కానిస్టేబులును జీపు దగ్గరికి పొమ్మన్నాడు. వచ్చి నేల మీదే, ఆ వాంతి మరక పక్కనే, గొంతుక్కూర్చున్నాడు. అతని గొంతులో పోలీసు ఎక్కడా లేడు.

"ఏం మందప్పా అది?" అన్నాడు. "మా అమ్మ వారానికి మూడుసార్లు మిషను మీద పడుకుంటాది. ఇంక ఎన్నో రోజులు లేవన్నారు. ఏం మందో చెప్పు, నిన్ను ఇప్పుడే వదిలేస్తా."

"లేదు సామి. ఆ మందూ లేదు, ఇచ్చినోడూ లేడు."

"అది మంచిదనుకోకు" అంది ఛాయాదేవి. "ఈయన్ను చూడు మల్లికార్జున్. మీ అమ్మకు ఇదా నువ్వు కోరేది?"

అతను ఆవిడ మాట విన్నట్టే లేదు. సొన్నప్ప మోచేతి మడతలో బుధవారం గుచ్చిన చోటును వేలితో తడిమి చూశాడు. చర్మం మీద చిన్న చుక్క కూడా లేదు.

"మందు లేకపోతే రక్తం ఉంది కదా" అని తనలో తను అనుకుని, తలెత్తాడు. "ఈ ఇంటి రక్తం ఇంకా ఎవరికుంది?"

అప్పుడే పక్క సందులోంచి పెరటి తలుపు తోసుకుని సహన వచ్చింది, చేతిలో సొన్నప్ప కోసం తెచ్చిన టిఫిన్ పొట్లం. అప్పటిదాకా ఏడ్చిన మొహంలో కాస్త ఆశ ఉంది.

"చిన్నాయనా, ల్యాబ్ నుంచి ఫోనట కదా, కానిస్టేబుల్ చెప్పాడు. వదిలేస్తారంటనా?"

సొన్నప్ప ఆమెకు ముఖం కనబడకుండా గోడ వైపు తిరిగిపోయాడు. ఛాయాదేవి ఆ పిల్లను బయటికి పొమ్మని అరవబోయింది. అప్పటికే మల్లికార్జున్ లేచి వెళ్ళి, సహన వెనక ఉన్న పెరటి తలుపుకు గడియ పెట్టాడు.